మయసభలో నడక

చాలా నెలల తరువాత ఈ పుట తెరిచాను. రాయకపోవడానికి నా బద్ధకం ఒక కారణం, నాన్నగారి ఆరోగ్యం రెండవది. ఈ టపా ఆ రెండవ కారణాన్ని గురించే. సాహిత్యం కోసం ఇటు తొంగిచూసే మిత్రులు ఈసారికి మన్నించాలి. అయినా మధ్యలో దుర్యోధనుడు రాక తప్పదు, పోతన రాక తప్పదు. మరీ నిరాశపడనక్కరలేదు.

విషయమిది. నిలబడితే తూలిపోయేవారికి, నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకు అతుక్కుపోయేవారికి 'వర్చువల్ రియాలిటీ' ద్వారా నిలకడ నేర్పుతామని చెప్పే వైద్యమొకటి మన నగరాలకు కూడా వచ్చింది. దానిని నేను డబ్బు పెట్టి కొన్నాను. మోసపోయాననుకున్నాను. ఆ కోపంతో దాన్ని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన తరువాత నా కోపంలో సగం తప్పని తేలింది. మిగిలిన సగం ఒప్పేనని ఇప్పటికీ నా నమ్మకం. ఆ రెండు సగాల లెక్కా ఇక్కడ అప్పగిస్తున్నాను.

నాన్నగారు కృష్ణా జిల్లాలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితులుగా పనిచేశారు. 2016లో కుడిచేతి వేళ్ళు వణకడంతో మొదలైంది. పార్కిన్సన్ వ్యాధి అన్నారు. మన ఆయుర్వేదంలో కంపవాతమనే పేరుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు ఆరుగురు రోగుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో పోతుండగా చూసి గమనించినవాడే తప్ప దగ్గర కూర్చోబెట్టుకుని పరీక్షించినవాడు కాడు. ఆయన కూడా వణుకునే పుస్తకం పేరులో పెట్టాడు గాని, రోగి ముందుకు వంగిపోవడాన్నీ, నడక తనంతట తానే పరుగుగా మారిపోవడాన్నీ అంతే శ్రద్ధగా పట్టుకున్నాడు. పేరు మాత్రం వణుకుకే దక్కింది. అందువల్ల చూసేవాళ్ళందరూ వణుకే జబ్బనుకుంటారు. నాన్నగారికి వణుకుతో పెద్ద పేచీ లేదు. "అక్షరం వంకర పోతుంది, అంతే కదరా" అనేవారు. ఆయన భయమల్లా పడిపోవడమే.

మొదటిసారి స్నానాలగదిలో పడ్డారు. రెండవసారి పెరట్లో, తులసికోట దగ్గర. 2022లో వంటింటి గడప దగ్గర పడి మణికట్టు విరిగింది. ఆ తరువాత ఇంట్లో తిరగడమే తగ్గించేశారు. పడినవాడు మళ్ళీ పడతానేమోనని కదలడు. కదలకపోతే కాళ్ళలో సత్తువ పోతుంది. సత్తువ పోతే మళ్ళీ పడతాడు. ఈ సుడిని మాత్రలు ఆపలేవు. లెవోడోపా మాత్ర వేసుకున్న కాసేపటికి చేతులు వదులవుతాయి, మాట తేటపడుతుంది, కుర్చీలోంచి సాయం లేకుండా లేవగలుగుతారు. తూలుడు మాత్రం దానికి అంతగా లొంగదు. ఇది నాన్నగారి ఒక్కరి సంగతి కాదు, ఈ జబ్బు తీరే అంత. (అన్నట్టు, ఈ లెవోడోపా మన దూలగొండి గింజల్లో ఉంది. ఆ గింజల నుంచి దానిని 1937లో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు వేరుచేసి చూపించారు. అది ఈ రోగులకు పనికివస్తుందని లోకానికి తెలియడానికి మరో పాతికేళ్ళు పట్టింది. చిన్నప్పుడు దూలగొండి తగిలి గోక్కున్నవాళ్ళలో ఎవరికి తెలుసు!)

2023లో హైదరాబాదులో ఒక ఆసుపత్రివారు పన్నెండు విడతల నిలకడ శిక్షణ అన్నారు. మొత్తం 36 వేల రూపాయలు. అమ్మనూ నాన్నగారినీ మా ఇంటికి తెచ్చుకున్నాను. చల్లని గది. నాన్నగారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకు హెడ్‌సెట్ తగిలించి, రెండు చేతులకూ రెండు మీటలిచ్చారు. ఆకాశంలోంచి రంగురంగుల బుడగలు దిగివస్తుంటే వాటిని పగలగొట్టాలి. అది ఇరవై నిమిషాలు. ఆ తరువాత ఐదు నిమిషాలు నిలబెట్టి, పడవలో ఉన్నట్టు చూపించి, అటూ ఇటూ ఒరగమన్నారు. అంతసేపూ వెనక నిలబడవలసిన కుర్రవాడు ఫోను చూసుకుంటున్నాడు. పన్నెండో విడత పూర్తికాగానే ఒక రంగుల కాగితం చేతికిచ్చారు. నిలకడ సూచిక 58 నుంచి 81కి పెరిగిందట. దేనితో కొలిచారో, ఆ పెరుగుదలకు అర్థమేమిటో అందులో లేదు.

తిరిగివస్తూ కారులో నాన్నగారు, "బుడగలు పగలగొట్టడానికి కాళ్ళెందుకురా అబ్బాయ్?" అన్నారు. నేను నవ్వేశాను. నవ్వి ఊరుకోవలసిన మాట కాదది.

ఊరికి వెళ్ళిన పదకొండో రోజున, కాఫీ గ్లాసు చేతబట్టుకుని వంటింటి గడప దాటుతుండగా, వీధిలోంచి ఎవరో "మాస్టారూ!" అని పిలిచారు. పలుకుదామని తలెత్తారు. పడిపోయారు. ఎముక విరగలేదు గాని నుదుటిన నాలుగు కుట్లు పడ్డాయి.

గడప, చేతిలో గ్లాసు, వీధిలోంచి పిలుపు. ఈ మూడింటినీ గుర్తు పెట్టుకోండి. తరువాత పని ఉంది.

ఇక్కడ కొంచెం పక్కదారి. పాతరోజుల్లో మనం ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు తెలుగు కట్టడానికి వారాల తరబడి వాదులాడుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ వర్చువల్ రియాలిటీకి కూడా మిథ్యావాస్తవమనో, కల్పితయథార్థమనో ఏదో ఒకటి పుట్టించవచ్చు. నాకైతే మయసభ ఉండగా వేరే మాట వెతకడం ఎందుకనిపిస్తుంది. మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు నీళ్ళు లేనిచోట నీళ్ళున్నాయని బట్ట ఎగగట్టుకున్నాడు, ఉన్నచోట నేల అనుకుని మడుగులో పడ్డాడు. మన నాటకాలూ సినిమాలూ ఆ తరువాత వినిపించిన నవ్వునూ, దానివల్ల రగిలిన పగనూ పట్టుకున్నాయి. పడటం ఎందుకు జరిగిందన్నది ఎవరికీ పట్టలేదు. కళ్ళు ఒకటి చెప్పాయి, పాదాలకు మరొకటి తగిలింది. అంతే.

మనిషి నిటారుగా నిలబడటానికి మూడు సాక్ష్యాలు కావాలి. కళ్ళు చూసేది ఒకటి. తల ఎటు ఒరిగిందో చెప్పే లోపలిచెవి రెండవది. పాదాలూ కీళ్ళూ కండరాలూ పంపే కబురు మూడవది. ఒకటి తప్పు చెప్పినా మిగిలిన రెండూ సర్దుకుపోతాయి. పార్కిన్సన్ రోగులు చూపు మీద మనకంటే ఎక్కువగా ఆధారపడతారు. చీకట్లో లేచినప్పుడు నాన్నగారు గోడ పట్టుకోవడం అందుకే. హెడ్‌సెట్ సరిగ్గా ఆ చూపునే మన దగ్గర నుంచి తీసుకుని తన మాయను దానికి అప్పజెబుతుంది. ఆ ఆసుపత్రిలో నేనూ ఒకసారి తగిలించుకుని చూశాను. ఎత్తైన మేడ అంచున ఒక పలక, దాని మీద నడవాలి. కింద ఉన్నది చదునైన నేలేనని నాకు తెలుసు. తెలిసీ మోకాళ్ళు వణికాయి. తీసేసిన తరువాత చాలాసేపు కడుపులో తిప్పింది. దీనికి బలం లేదని నేను అనను. ఇంత బలమున్న వస్తువును బుడగలు పగలగొట్టడానికి ఖర్చుపెట్టారే అని నా బాధ.

నాన్నగారి నుదుటి కుట్లు ఆరకముందే చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ గడప, గ్లాసు, పిలుపు ఈ మూడే మళ్ళీ మళ్ళీ ఎదురయ్యాయి.

ఆరోగ్యవంతుడికి నడక ఆలోచించి చేసే పని కాదు. మెదడు లోతుల్లో ఉన్న బేసల్ గాంగ్లియా ఆ పనిని అలవాటు మీద నడిపించేస్తుంది. డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్షీణించినకొద్దీ ఆ అలవాటు చెడుతుంది. అప్పుడు మెదడు పైపొర, అంటే మన ఎరుక, పూనుకుని ఒక్కొక్క అడుగూ వేయించాలి. మనకు నడక ఊపిరి లాంటిదైతే నాన్నగారికి అది ఎక్కం అప్పజెప్పడం లాంటిది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కం తప్పుతుంది. 1997లో స్వీడనులో కొందరు పరిశోధకులు చాలా సులభమైన సంగతి ఒకటి గమనించారు. నడుస్తున్న వృద్ధులతో మాట కలిపితే, జవాబు చెప్పడానికి నడక ఆపేవాళ్ళు కొందరు ఉన్నారు. ఆ తరువాతి నెలల్లో ఎక్కువగా పడింది వాళ్ళే. ఏ యంత్రమూ లేకుండా, ఒక పలకరింపుతో తెలిసిన సంగతి ఇది.

ఇక గడప. ఇరుకు ద్వారాలు, గడపలు, మలుపులు కనబడగానే ఈ రోగుల పాదాలు ఉన్నపళాన నేలకు అతుక్కుపోతాయి. పై శరీరం మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. దానికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. లండనులో పనిచేసిన జేమ్స్ పర్డన్ మార్టిన్ అనే నరాల వైద్యుడు 1967 నాటి తన పుస్తకంలో రాశాడు. నేల మీద అడ్డంగా గీతలు గీస్తే, అంతవరకూ కదలలేని రోగి ఒక్కొక్క గీతా దాటుకుంటూ నడిచిపోతాడు. నిలువు గీతలు గీస్తే ఆ ఫలితం ఉండదు. అలవాటుగా నడిచే దారి మూసుకుపోయినా, కంటికి కనబడే గురిని చూసి అడుగు వేసే దారి ఇంకా తెరిచే ఉంటుందన్నమాట.

ఇది అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. "అడ్డగీతలేనా, దానికేం భాగ్యం" అని, గడప ముందు ముగ్గుపిండితో నాలుగు గీతలు లాగింది. నాన్నగారు వచ్చి, ఒక క్షణం ఆగి, నాలుగూ దాటి, గడపా దాటారు. అమ్మ మళ్ళీ ఫోను చేసి ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు పూడుకుపోయింది. ముగ్గుపిండి మీద కాలు జారుతుందేమోనన్న భయం మరునాటికి పుట్టి, పసుపురంగు టేపు తెప్పించి అంటించాం.

అడ్డగీతలను నేల మీద కాక కళ్ళజోడులో గీస్తే? ఈ ఆలోచన వచ్చింది టామ్ రీస్ అనే అమెరికన్ పాదవైద్యుడికి. ఆయనకే పార్కిన్సన్ వ్యాధి ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని సుజాన్ వెగోర్స్ట్‌తో కలిసి, నడుస్తున్న నేల మీద లేని గుర్తులను ఉన్నట్టుగా కంటికి చూపించే పరికరాల మీద పనిచేసి 1995లో ప్రకటించారు. ఈ రోగులకు మాయ సాయపడుతుందన్న ఊహను ముందుకు తెచ్చినవారిలో తన కాళ్ళతో తానే పోరాడుతున్న ఒక రోగి ఉన్నాడన్నమాట. నేను దానిని వ్యాపారుల ఎత్తుగడ అని అంతవరకూ అనుకుంటున్నాను. నా కోపానికి తగిలిన మొదటి దెబ్బ అది.

రెండవ దెబ్బ 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నా అభిప్రాయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఇజ్రాయెల్, బెల్జియం, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్, ఈ ఐదు దేశాల్లో జరిగింది. అరవై నుంచి తొంభై ఏళ్ళ లోపువారు, అంతకు ముందు ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు పడినవారు, మొత్తం 302 మంది. వారిలో పార్కిన్సన్ రోగులు చాలామంది. చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు ట్రెడ్‌మిల్ మీద ఊరికే నడిచింది. రెండవ జట్టు అదే ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ, ఎదుట తెర మీద తమ పాదాల కదలికను చూసుకుంది. ఆ తెర మీద అడ్డంకులు వస్తాయి, దాటాలి. దారులు చీలతాయి, ఎంచుకోవాలి. దృష్టి మళ్ళించే సంగతులు ఎదురవుతాయి, అయినా అడుగు తప్పకూడదు. ఒక్కొక్కసారి ముప్పావు గంట, వారానికి మూడుసార్లు, ఆరు వారాలు.

శిక్షణ ముగిసిన తరువాత ఆరు నెలలపాటు వాళ్ళు ఎన్నిసార్లు పడ్డారో లెక్కపెట్టారు. తెర ఉన్న జట్టులో ఆరు నెలలకు సగటున 11.9 సార్లు పడుతున్నవారు 6.0 సార్లకు తగ్గారు. తెర లేని జట్టులో 10.7 నుంచి 8.3కు మాత్రమే తగ్గింది. ఈ రెండవ తగ్గుదల కాకతాళీయం కావచ్చునని సందేహించడానికి వీలున్నంత చిన్నది.

ఇక్కడ రోగి కూర్చోలేదు, నడిచాడు. అతని కళ్ళకు గంతలు లేవు. అతనికి కాళ్ళతోనే పని. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు కొలిచింది ఏదో సూచికను కాదు, పడటాన్ని. నాకిచ్చిన రంగుల కాగితానికీ దీనికీ తేడా నేను విడమరచి చెప్పనక్కరలేదు. గడప, గ్లాసు, పిలుపు, మూడూ ఆ తెర మీద ఉన్నాయి. అడ్డంకి, చేస్తున్న మరొక పని, మళ్ళిన దృష్టి.

(1968లో ఐవన్ సదర్లాండ్ తొలి హెడ్‌సెట్ తయారుచేసినప్పుడు అది మోయలేనంత బరువుండి ఇంటికప్పు నుంచి వేలాడదీశారు. ఇప్పుడు యంత్రం తేలికపడింది. ఇలాంటి శిక్షణల్లో పడకుండా కాపాడేందుకు మనిషికి పట్టీలు కట్టి కప్పు నుంచి వేలాడదీస్తున్నారు. ఇదే సరైన ఏర్పాటని నేననుకుంటాను.)

ఇంతవరకూ చదివి, మరి నీ కోపంలో మిగిలిన సగం ఏమైందని మీరు అడగాలి. మాయలోనే మందు ఉందన్న ప్రచారం మీద నా కోపం. అదే 2016లో కాక్రేన్ సంస్థవారు పార్కిన్సన్ రోగుల మీద జరిగిన ఎనిమిది ప్రయోగాలను, మొత్తం 263 మందిని, కలిపి పరిశీలించారు. మామూలు ఫిజియోథెరపీతో పోలిస్తే అడుగు పొడవులో కొంత మెరుగు కనిపించింది. నడక, నిలకడ, జీవన సౌఖ్యం మొత్తం మీద రెండూ ఇంచుమించు ఒకటే. పైగా ఆ సాక్ష్యమే బలహీనమైనదన్నారు. 2012లో బ్రెజిల్‌లో 32 మంది రోగుల్లో సగం మందికి నింటెండో వీ ఆటలతో, సగం మందికి మామూలు నిలకడ వ్యాయామాలతో శిక్షణ ఇచ్చారు. రెండు జట్లూ సమానంగానే బాగుపడ్డాయి. ఆ సంవత్సరమే అమెరికాలో 195 మంది మీద జరిగిన పరిశోధనలో, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవారికి నిలకడ మెరుగుపడింది, వట్టి సాగదీసే వ్యాయామాలు చేసినవారికంటే తక్కువసార్లు పడ్డారు. తాయ్ చీకి కరెంటు కూడా అక్కరలేదు. పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడే కూచిపూడి పుట్టిన జిల్లా మాది. బరువును ఒక కాలి నుంచి మరొక కాలికి ఎరుకతో మార్చడమనే విద్య మాకు కొత్తదేమీ కాదు. దానిని రోగులకు తగినట్టు మలచి, పడటాలు లెక్కపెట్టి చూస్తే బాగుండునని నా ఆశ.

కాబట్టి నేను నమ్మేది ఇది. పని చేసేది మాయ కాదు. నిలబడి, బరువు మోస్తూ, బుద్ధి రెండు వైపులా లాగుతుండగా, పడిపోయేటంత దగ్గరకు వెళ్ళి పడకుండా తిరిగిరావడాన్ని వందలసార్లు సాధన చేయడమే పని చేసేది. పక్కన పట్టుకునే మనిషి ఉండాలి. ఈ సాధనకు మాయ ఒక్క మేలు చేయగలదు, అది చిన్నదేమీ కాదు. తప్పు చేసినా ఎముక విరగకుండా తప్పు చేయనిస్తుంది. నిజమైన వీధిలో నాన్నగారి ముందుకు ఒక ఆటోను హఠాత్తుగా తోలలేం. తెర మీద తోలవచ్చు. ఆ మేలు చేయని వర్చువల్ రియాలిటీ, ఎంత ఖరీదైనదైనా, కుర్చీలో కూర్చున్నవాడికి వీడియో ఆట.

ఇప్పుడు డబ్బు సంగతి. మా ఊళ్ళో ఫిజియోథెరపీ చదువుకున్న ఒక అమ్మాయి ఇంటికి వచ్చి నాన్నగారికి సాధన చేయిస్తోంది. ఒక్కసారికి 400 రూపాయలు. నేను బుడగలకు పోసిన 36 వేలతో ఆమె 90 సార్లు వస్తుంది. వారానికి రెండుసార్లు చొప్పున అది పది నెలల పైమాట. ఇది క్షీణించే జబ్బు, నేర్చుకున్నది నిలవాలంటే సాధన ఆగకూడదు. పన్నెండు విడతలతో ముగిసే ఏ ఏర్పాటైనా, దానిలో యంత్రమున్నా లేకపోయినా, ఈ జబ్బు స్వభావం తెలియనిదే.

ఆ అమ్మాయి చేసిన పని చెప్పాలి. మొదటిరోజే నాన్నగారిని, "మాస్టారూ, మీకు బాగా వచ్చిన పద్యం చదువుతూ ఈ టేపులు దాటండి" అంది. గజేంద్రమోక్షం నిద్రలో లేపినా చదివే మనిషి ఆయన. మొదలుపెట్టారు. రెండవ పాదం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ నడిచారు, పద్యం ఆగిపోయింది. పద్యం సాగితే నడక ఆగేది, నడక సాగితే పద్యం ఆగేది. నలభై ఏళ్ళుగా నోటికున్న పోతన పద్యం మూడు గజాల నేల మీద చిక్కుకుపోవడం చూసి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆమె మాత్రం ఏమీ కంగారు పడలేదు. ఒక పాదం, రెండడుగులు. తరువాత రెండు పాదాలు. తరువాత చేతిలో ఖాళీ గ్లాసు. ఇంకొన్ని వారాలకు గ్లాసులో సగం నీళ్ళు. ఆ తరువాత అమ్మ వీధి గుమ్మంలోంచి "మాస్టారూ!" అని పిలవడం. అమ్మ ఆయనను జీవితంలో మొదటిసారి అలా పిలిచింది, ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మాత్రం ఆయన నడుముకు కట్టిన పట్టీని ఒక్క క్షణం వదలలేదు. లాన్సెట్ పరిశోధనలో తెర చేసిన పనిని మా నడవలో ఒక పద్యం, ఒక గ్లాసు, ఒక పిలుపు చేశాయి. ఫలితం అంతే గొప్పదని నేను అనలేను, ఒక మనిషి అనుభవం పరిశోధన కాదు. నిరుడు నాన్నగారు రెండుసార్లు పడ్డారు, అంతకు ముందు ఏడాది ఆరుసార్లు.

మీలో సగం మంది సాఫ్ట్‌వేరువాళ్ళు కనుక ఒక మాట. ఇలాంటివి ఎవరైనా మనవాళ్ళ కోసం తయారుచేస్తే, ఎక్కడివో పార్కులూ కాలిబాటలూ వద్దు. ఎత్తుగడపలు పెట్టండి. తడిసిన స్నానాలగది నేల పెట్టండి. ఎత్తు సమానంగా లేని గుడిమెట్లు, సిమెంటు పలక పగిలిన మురుగుకాలువ, అడ్డంగా పడుకున్న ఆవు, వెనక నుంచి హారను పెట్టండి. రోగి పలకవలసిన పిలుపులు తెలుగులో ఉండాలి. మరొకటి, ఆటబొమ్మల కంపెనీలను నమ్ముకుని వైద్యం కట్టకండి. 2012లో జర్మనీలో, చిన్నమెదడు క్షీణించి తూలిపోయే పదిమంది పిల్లలకు ఎక్స్‌బాక్స్ కినెక్ట్ ఆటలతో ఎనిమిది వారాలు శిక్షణ ఇచ్చి, మెరుగు కనబడిందని ప్రకటించారు. అందులో ఎక్కువ వారాలు ఇంటి దగ్గర చేసినవే. చదివి సంతోషించాను. 2017లో ఆ కినెక్ట్ తయారీనే ఆపేశారు. ఆ పిల్లల జబ్బు ఆగదు కదా.

ఇంకొక సంగతి చెప్పకపోతే తప్పు. ఈ జబ్బు ముదిరినకొద్దీ, కొంత మందుల వల్లా కొంత జబ్బు వల్లా, చాలామందికి లేనివి కనబడతాయి. నాన్నగారికి మంచం కింద ఒక తెల్లపిల్లి ఉంటుంది. అది లేదని ఆయనకు తెలుసు. "ఇవాళ వచ్చిందిరా" అని మాత్రం చెబుతారు. అటువంటి మనిషి కళ్ళకు మాయాలోకాన్ని కట్టేముందు, "మీకు లేనివి ఏమైనా కనబడుతున్నాయా?" అన్న ఒక్క ప్రశ్న ఆ ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, చెప్పవలసిన విషయమని తోచలేదు. మూడవ విడత జరిగిన రాత్రి ఆయన రెండు గంటలకు లేచి కూర్చుని, గదిలో బుడగలు అయిపోయాయా అని అమ్మను అడిగారు. మేము కల అనుకున్నాం. మీ ఇళ్ళల్లో పెద్దవారిని ఇటువంటి శిక్షణకు తీసుకువెళ్ళేవారు ఈ సంగతి ముందుగానే వైద్యుడికి చెప్పండి. అక్కడ రోగి నిలబడతాడా కూర్చుంటాడా, వెనక ఎవరు పట్టుకుంటారు, ఆరు నెలల తరువాత పడటాలు ఎవరు లెక్కపెడతారు అని కూడా అడగండి. జవాబుగా రంగుల కాగితం చూపిస్తే లేచి వచ్చేయండి.

మీలో ఎవరైనా విదేశాల్లో ఆ తెర, ట్రెడ్‌మిల్ ఉన్న పద్ధతిని దగ్గరగా చూసి ఉంటే, లేదా మీ ఊళ్ళో పట్టీలు కట్టి సరిగా నేర్పేచోటు తెలిసి ఉంటే, రాయండి. పట్టీ పట్టుకునే మనిషి ఉన్నచోటైతే నాన్నగారిని మళ్ళీ తీసుకువెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయనను అడిగాను కూడా. "కాళ్ళతో పనుందా?" అన్నారు. ఉందన్నాను. "అయితే చూద్దాం" అన్నారు.